సహోదరుల మధ్య హద్దురాయి



మీ గ్రామములో అన్నదమ్ములు పొలము పంచుకొనుట మీరు చూచియుందురు. తండ్రి బ్రదికియుండగానే గొలుసు పట్టి కొలిపించి, నలుగురు పెద్దమనుష్యుల యెదుట హద్దురాళ్లు పాతుకొనినవారు కొందరు. వారి పిల్లలు నేటికిని ఒకరి యింటి పెండ్లికి ఒకరు వచ్చి భోజనము చేయుచున్నారు. "మనలో మనకు రాళ్లెందుకురా? మనమేమైనా పరాయివాళ్లమా?" అని నవ్వుకొనుచు గట్టు చూపి సరిపెట్టుకొనినవారు మరికొందరు. వారి పిల్లలలో అనేకులు వాయిదాలకు తిరిగి తిరిగి కడకు ఆ పొలమునే అమ్ముకొనిరి. రాయి పాతినవారు ప్రేమ తక్కువై పాతలేదు. ప్రేమ యున్న దినముననే పాతిరి గనుక ఆ ప్రేమ నిలిచెను.

పొలము విషయములో మనకు తెలిసిన ఈ సంగతిని సంఘము విషయములో మరచిపోవుచున్నాము. కానుకల లెక్క చదువుమని ఎవరైన అడిగినయెడల, "ఇతనికి మామీద నమ్మకము లేదు" అందుము. ఎవరి పని ఎంతవరకో వ్రాసికొందమని చెప్పినయెడల, "ఇది దేవుని పని గాని కచేరీ పని కాదు" అందుము. ఆ మాట భక్తిగల మాటవలె వినబడును. కాని దానివలన ఎంత కీడు వచ్చునో ఒక పాత చరిత్రవలన మీకు చూపగోరుచున్నాను. అది దొంగల చరిత్ర కాదు. దొంగల చరిత్రయైన యెడల, "మేము అట్టివారము కాము" అని మనము తప్పించుకొందుము. ఇది మిక్కిలి మంచివారి చరిత్ర. అందుచేతనే అది మనలను విడిచిపెట్టదు.

శనివారపు సాయంకాలము

సేరంపూరు అను పేరు మీలో అనేకులకు తెలియును. మన పాస్టర్లలో పలువురు వేదాంత విద్యలో పొందిన పట్టములు ఆ పేరుమీదనే వచ్చినవి. అది బంగాళాదేశపు హుగ్లీ నదియొడ్డున, కలకత్తాకు సుమారు 15 మైళ్ల దూరములో నున్న పట్టణము. ఆ దినములలో అది డెన్మార్కు రాజుగారి వశమందుండెను.

1792వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన ఇంగ్లాండులోని కెట్టరింగు అను ఊరిలో ఒక విధవరాలి యింట కొందరు బాప్తిస్టు బోధకులు కూడి, అన్యదేశములకు సువార్త పంపుటకు ఒక సొసైటీ స్థాపించిరి. ఆనాడు వారు ఇత్తుమని వ్రాసి యిచ్చిన మొత్తము 13 పౌనుల 2 షిల్లింగుల 6 పెన్నీలు మాత్రమే. ఆ చీటీలను ఆండ్రూ ఫుల్లరు అను బోధకుని పొడుముడబ్బీలో వేసిరని చెప్పుదురు. ఆ సొసైటీకి ఫుల్లరుగారు కార్యదర్శి యాయెను. చెప్పులు కుట్టి జీవించి, తరువాత బోధకుడైన విలియం కేరీగారు మన దేశమునకు వచ్చుటకు ఒప్పుకొనెను. ఫుల్లరుగారు తరువాతి కాలములో ఆ దినములను తలంచుకొని ఒక పోలిక చెప్పుచుండెను. ఎవరును దిగి చూడని లోతైన గనిలోనికి కేరీ దిగెను, పైన నిలిచి మోకు విడువక పట్టుకొందుమని తామందరు మాట యిచ్చిరి అని ఆ పోలిక. బావి పూడిక తీయువారికి ఈ పోలిక విప్పి చెప్పనక్కరలేదు. దిగినవాని ప్రాణము పైవాని చేతిలో నుండును.

కేరీగారితో కూడ జాన్ థామసు అను వైద్యుడు వచ్చెను. సువార్తయందు ఆయనకు గొప్ప ఆసక్తి యుండెను గాని అప్పులు చేయుట ఆయన బలహీనత. 1793 నవంబరులో కలకత్తా చేరిన తరువాత సొమ్ము ఆయన చేతిలో నుండెను. స్వల్పకాలములోనే అది కరగిపోయెను. భార్య, నలుగురు పిల్లలు గల కేరీగారు భాష తెలియని దేశములో చేత సొమ్ము లేనివాడాయెను. సుందరవనముల అడవి ప్రాంతమునకు పోయి, తరువాత నీలిమందు ఫ్యాక్టరీలో ఉద్యోగము చేసి కుటుంబమును పోషించుకొనెను. థామసు దుర్మార్గుడు కాడు. అయితే లెక్క వ్రాయని చేతికి అందరి బ్రదుకును అప్పగించుట ఎట్టిదో కేరీగారు మొదటి సంవత్సరములోనే నేర్చుకొనెను.

1799 అక్టోబరులో మరికొందరు మిషనెరీలు వచ్చిరి. ఈస్టిండియా కంపెనీవారు తమ రాజ్యములో వారిని ఉండనియ్యనందున వారు డేనిషువారి సేరంపూరులో ఆగిరి. 1800 జనవరిలో కేరీగారు వచ్చి వారితో కలిసెను. అందులో కొందరు త్వరలోనే మరణించిరి. ముగ్గురు నిలిచిరి. భాషలు నేర్చి గ్రంథములు తర్జుమా చేయు కేరీగారు, బడిపంతులైన జాషువా మార్షుమనుగారు, అచ్చుపని తెలిసిన విలియం వార్డుగారు. మార్షుమనుగారి భార్య హన్నా అమ్మగారు బోర్డింగు బడి నడిపి, ఆ పెద్ద కుటుంబమునకంతటికి తల్లివలె నుండెను.

ఇప్పుడు నేను చెప్పబోవు సంగతిని గమనించుడి. వారు కలిసి కాపురము మొదలుపెట్టిన కొలది దినములలోనే, ఇంకను ఏ కలహమును పుట్టకమునుపే, కొన్ని నియమములు వ్రాసికొనిరి. అందరు ఒకే బల్లయొద్ద భుజింపవలెను. ఒక నెల ఒకరు, మరుసటి నెల మరియొకరు ఇంటి కార్యములు నడిపింపవలెను. ప్రసంగము, ప్రార్థన అందరికి వంతులవారీగా రావలెను. కేరీగారు ధనము చూచుకొనవలెను, మందులపెట్టె ఆయన వశమున నుండవలెను. ఎవడును సొంత వ్యాపారము చేయగూడదు, వచ్చినదంతయు మిషనుకే చెందవలెను. ఇవన్నియు గాక మరియొక నియమము గలదు. ప్రతి శనివారము సాయంకాలము అందరు కూడి, ఆ వారములో తమ మధ్య కలిగిన మనస్పర్ధలు చెప్పుకొని, సరిచేసికొని, ఒకరినొకరు ప్రేమింతుమని మరల మాట యిచ్చుకొనవలెను.

చదువరీ, ఇందులోని జ్ఞానము చూచితిరా? మేము పరిశుద్ధులము గనుక మాకు కలహములు రావని వారు తలంచలేదు. తప్పక వచ్చునని యెరిగి, వాటికి ఒక దినము, ఒక గడియ నిర్ణయించిరి. ఆదివారము బల్లయొద్దకు రాకమునుపే శనివారము మనస్సులోని ముల్లు తీసివేసికొనిరి.

వారి సంపాదన కొంచెమైనది కాదు. 1801లో కేరీగారికి కలకత్తాలోని ఫోర్టు విలియం కాలేజీలో బెంగాలీ నేర్పు ఉద్యోగము నెలకు 500 రూపాయల జీతముతో దొరకెను. తరువాత అది 1,000 రూపాయలాయెను. మార్షుమను దంపతుల బడులవలనను, వార్డుగారి ప్రెస్సువలనను రాబడి వచ్చెను. దానినంతయు ఒకే సంచిలో వేసి, ఒక్కొక కుటుంబము తన జీవనమునకు స్వల్పమైన భత్యము మాత్రము తీసికొనెను. 1805 అక్టోబరులో తమ ఉద్దేశములన్నిటిని ఒక ఒప్పందముగా వ్రాసి తొమ్మిదిమంది చేవ్రాళ్లు చేసిరి. దానిని సంవత్సరమునకు మూడు మారులు, అనగా జనవరి, మే, అక్టోబరు మాసముల మొదటి ఆదివారమున, ప్రతి స్టేషనులోను బిగ్గరగా చదువవలెనని ఏర్పరచుకొనిరి. వ్రాసి పెట్టెలో దాచినది మరచిపోవుదుము. చెవిని పడుచుండునది నిలుచునని వారికి తెలియును.

ఆ యింటనుండి మనకును మేలు కలిగెను. 1812 మార్చి 11వ తేదీ సాయంకాలము వారి ప్రెస్సు అంటుకొని, కాగితములు, అచ్చులు, అనేక సంవత్సరముల వ్రాతప్రతులు కాలిపోయెను. నష్టము సుమారు 70,000 రూపాయలు. కాలినవాటిలో కేరీగారి తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు నుండెను. ఆయన మరల కూర్చుండి వ్రాసెను. ఆ వ్యాకరణము 1814లో అచ్చాయెను. 1818లో తెలుగు క్రొత్త నిబంధన ఆ ప్రెస్సునుండియే వెలువడెను. అగ్నివార్త ఇంగ్లాండు చేరగానే అక్కడి విశ్వాసులు కొలది వారములలోనే నష్టమంతటికి సరిపడు సొమ్ము కూర్చి పంపిరి. మోకు పట్టినవారు మోకు విడువలేదు.

ఫుల్లరుగారి మరణము

1815 మే 7వ తేదీన ఆండ్రూ ఫుల్లరుగారు ప్రభువునందు నిద్రించెను. ఇరువది రెండు సంవత్సరములు ఆయన కార్యదర్శిగా నుండెను. సేరంపూరువారికిని ఇంగ్లాండు సంఘములకును మధ్యనున్న ఒప్పందము ఏ కాగితముమీద ఉండెను? అది ఎక్కువగా ఫుల్లరుగారి హృదయములోనే యుండెను. ఆయన కేరీని ఎరుగును, కేరీ ఆయనను ఎరుగును. ఒకరి ఉత్తరము మరియొకరికి చేరుటకు ఐదారు నెలలు పట్టినను, స్నేహము ఆ సముద్రమును దాటుచుండెను. ఆయన సమాధితో పాటు ఆ ఒప్పందము కూడ భూమిలో పడెను.

తరువాత కమిటీలోనికి క్రొత్తవారు వచ్చిరి. వారును భక్తిపరులే, కాని వారిలో కేరీగారి ముఖము చూచినవారు కొద్దిమంది. వారు న్యాయమైన ప్రశ్నయే అడిగిరి. సేరంపూరులోని యిండ్లు, స్థలములు ఎవరివి? ముగ్గురు వృద్ధులగుచున్నారు, రేపు వారు మరణించినయెడల ఆ యాస్తి ఎవరి చేతికి పోవును? ఇంగ్లాండులోని కొందరిని కూడ ధర్మకర్తలుగా చేర్చవలెనని కోరిరి. చందాలు ఇచ్చిన సంఘములకు జవాబు చెప్పవలసినవారు అట్లడుగుట తప్పు కాదు.

సేరంపూరువారికి అది కత్తిపోటువలె తగిలెను. "ఈ యాస్తిలో ఎక్కువ భాగము మా చెమటతో వచ్చినది. మేము దానిని మా పిల్లలకు దాచుకొనలేదు, దేవునికే ఇచ్చితిమి. ఇన్ని సంవత్సరముల తరువాత మమ్మును అనుమానింతురా? మమ్మును మీ జీతగాండ్రుగా చేయుదురా?" అని వారి మనస్సులోని భావము. ఇదియు అర్థము లేని బాధ కాదు.

ఇదే సమయమున ఇంటిలోను చీలిక పుట్టెను. ఇంగ్లాండునుండి క్రొత్తగా వచ్చిన యౌవనులు కొందరు సేరంపూరు పెద్దలతో ఇమడలేకపోయిరి. వారిలో కేరీగారి అన్నదమ్ముల బిడ్డడైన యూస్టేసు కేరీ, తర్జుమా పనిలో కేరీగారికి సహాయుడైన విలియం యేట్సు, కేరీగారి ప్రియమిత్రుని కుమారుడు విలియం పియర్సు ఉండిరి. కార్యములన్నిటిలో తుదిమాట ముగ్గురు పెద్దలదే యని, ముఖ్యముగా మార్షుమనుగారు కఠినముగా నడిపించుచున్నారని వారు నొచ్చుకొనిరి. 1817, 1818 సంవత్సరములలో వారు కలకత్తాలో వేరుగా కూడుకొని, వేరుగా ఒక ప్రెస్సును పెట్టిరి. ఒకే సువార్త, ఒకే బాప్తిస్మము, పదిహేను మైళ్ల దూరములో రెండు ప్రెస్సులు, రెండు బల్లలు!

మొదటి యింటిలో శనివారపు సాయంకాలమును నిర్ణయించుకొనినవారు, పిల్లలవంటి ఈ యౌవనులకు మాత్రము అటువంటి చోటు ఏర్పరచలేదు. ఎన్ని సంవత్సరములు పనిచేసిన తరువాత వారి మాటకు విలువ యుండును, ఎవరి తీర్పు నచ్చనియెడల ఎవరియొద్ద చెప్పుకొనవలెను అను సంగతులు స్పష్టముగా లేవు. సముద్రమునకు అవతలనున్న కమిటీతోను అట్టి చోటు లేదు. చెప్పుకొను చోటు లేని నొప్పి ఇంగ్లాండుకు ఉత్తరములలో పోయెను. చెవినుండి చెవికి ప్రాకెను.

వార్డుగారు 1823 మార్చి 7వ తేదీన కలరావలన మరణించెను. సమాధానపడుటకై మార్షుమనుగారు 1826లో ఇంగ్లాండుకు వెళ్లెను. కాని 1827 మార్చిలో సేరంపూరు మిషనును సొసైటీయు విడిపోయెను. అటు తరువాత కొన్ని సంవత్సరములు ఇరుపక్షములవారు ఒకరిమీద ఒకరు కరపత్రములు అచ్చు వేసికొనిరి. వేదవాక్యము అచ్చు వేయుటకు పుట్టిన పని అపవాదములు అచ్చువేయు పనిలోనికి దిగెను.

కష్టములు ఒంటరిగా రావు. 1830లో ఫోర్టు విలియం కాలేజీలో కేరీగారి ఉద్యోగము ఆగిపోయెను. ఆ సంవత్సరము మొదలుకొని కలకత్తాలోని పెద్ద వర్తక కంపెనీలు ఒకదాని వెనుక ఒకటి దివాలా తీసెను. వాటిలో ఉంచిన సేరంపూరు సొమ్ము కూడ పోయెను. 1834 జూన్ 9వ తేదీన కేరీగారు కన్నుమూసెను. ఆయన వీలునామాలో ఒక సంగతి చదువగా నా కన్నులు చెమ్మగిల్లినవి. సేరంపూరు మిషను ఆస్తిలో తనకు ఏ హక్కును లేదనియు, ఎప్పుడును లేకుండెననియు ఆయన స్పష్టముగా వ్రాయించెను. నలువది సంవత్సరములు అన్నియు ఇచ్చివేసిన మనుష్యుడు, తాను దొంగిలలేదని మరణపత్రములో వ్రాయవలసివచ్చెను. ఆ మాటనే ఇరువది సంవత్సరములు ముందుగా, ఫుల్లరుగారు జీవించియుండగా, ఇరుపక్షములును కూర్చుండి స్పష్టమైన దస్తావేజుగా వ్రాసికొనియున్నయెడల ఎంత దుఃఖము తప్పియుండును!

1837 డిసెంబరులో మార్షుమనుగారు చనిపోయెను. అదే నెలలో లండనులో రెండు పక్షములును మరల ఏకమగుటకు ఒప్పుకొనెను. ఆ సమాధానవార్త వినుటకు ఆ ముగ్గురిలో ఒక్కడును మిగులలేదు.

నిలిచినది ఏది?

అయితే ఇంకొక సంగతి చెప్పవలెను. వారు 1818లో స్థాపించిన కాలేజీకి 1827లో డెన్మార్కు రాజుగారివలన అధికారపత్రము సంపాదించిరి. 1833లో దానికి నియమావళి వ్రాసి, దానిని నడిపించు సభ ఎట్టిదో, ఎవరు ఏర్పరచవలెనో తెలియజేసిరి. సొమ్ము పోయెను, స్నేహములు చెడెను, ముగ్గురు వృద్ధులును గతించిరి. ఆ కాలేజీ మాత్రము ఎన్నో మార్పులు చూచి నేటికిని నిలిచియున్నది. నోటిమాటమీద కట్టినది నోరు మూతపడగానే కదలిపోయెను. వ్రాసి, హద్దు వేసి, తమ తరువాత వచ్చువారికి అప్పగించినది బ్రదికెను.

నేను సెమినరీలో ఈ చరిత్రను పరీక్ష నిమిత్తము చదివితిని. సంవత్సరములు వ్రాసి మార్కులు తెచ్చుకొంటిని గాని, పాఠము నేర్చుకొనలేదు. దానిని నాకు నేర్పినది ఒక ముసలమ్మ.

నేను అభిషేకము పొంది మొదటి సంఘమునకు వెళ్లిన సంవత్సరము కోతపండుగ బాగుగా జరిగెను. ధాన్యము, గుమ్మడికాయలు, కోళ్లు వేలము వేయగా వచ్చిన సొమ్మును తువాలులో మూటగట్టి నా ట్రంకుపెట్టెలో పెట్టితిని. గుడి పైకప్పుకు కొంత ఇచ్చితిని. ఒక విధవరాలిని ఆసుపత్రికి పంపుటకు కొంత ఇచ్చితిని. ఇంకను ఏవేవో అవసరములు వచ్చినవి. ఏదియు వ్రాయలేదు. రెండు నెలల తరువాత ఆ సంఘములో అందరికంటె పెద్దదైన ఒక అమ్మ మా యింటికి వచ్చి, అరుగుమీద కూర్చుండి, "అయ్యగారూ, పండగ డబ్బులెంత వచ్చాయి, ఎంత మిగిలింది?" అని అడిగెను.

నా ముఖము ఎఱ్ఱబడెను. "నేను తిన్నానని మీ అనుమానమా అమ్మా?" అంటిని.

ఆమె కోపపడలేదు. "మీరు తినరని నాకు తెలుసు అయ్యగారూ. రేపు మీ తరువాత వచ్చే అయ్యగారు ఎట్టాంటోరో నాకు తెలీదు గదా. ఆయన్ని అడగాలంటే, ఇయ్యాళ మిమ్మల్ని అడగటం మాకు అలవాటు కావాలి" అనెను.

ఆ రాత్రి దీపము పెట్టుకొని లెక్క వేయగా 300 రూపాయలకు పైగా నాకు జ్ఞాపకము రాలేదు. నేను తినలేదు. కాని తినలేదని చూపుటకు నాయొద్ద ఏమియు లేదు. ఆ సొమ్మును నా జీతములోనుండి కట్టితిని. మరుసటి యేడు ఇద్దరు పెద్దలు గుడిముందు చెట్టుక్రింద అందరు చూచుచుండగా లెక్కించి, బడి నల్లబల్లమీద వ్రాసిరి. ఆనాడు నా గుండెలోని బరువు దిగిపోయెను. ఆ ముసలమ్మ నన్ను అవమానించెనని కొన్నాళ్లు తలంచితిని. నిజమునకు ఆమె నన్ను కాపాడెను.

మనము చేయవలసినది

ప్రియులారా, ఇది సేరంపూరువారు క్రొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. యెరూషలేములో విధవరాండ్ర భోజన విషయమై సణుగు పుట్టినప్పుడు, అపొస్తలులు సణిగినవారిని గద్దింపలేదు. ఏడుగురిని ఏర్పరచి, వారి పని వారికి, తమ పని తమకు విభజించిరి (అపొ. కార్యములు 6). పౌలు బీదల కానుకను యెరూషలేమునకు తీసికొనిపోవునప్పుడు, సంఘములు ఏర్పరచిన సహోదరులను వెంటబెట్టుకొనెను. ప్రభువు దృష్టికే గాక మనుష్యుల దృష్టికిని నిందలేకుండవలెనని ఆయన కోరెను (2 కొరింథీ 8). పౌలుకంటె మనము నమ్మదగినవారమా? కాగా నాలుగు హద్దులు మీ సంఘములో ఉన్నవో లేవో చూచుకొనుడి.

మొదటిది, సొమ్ము హద్దు. కానుక ఏ రూపముగా వచ్చినను ఒక్కడే లెక్కింపగూడదు, ఒక్కడే దాచగూడదు. పాస్టరు చేతిలోను, ఒకే పెద్ద చేతిలోను సంచి విడువకుడి. జమాఖర్చు నెలనెలా సంఘమంతటియెదుట చదువుడి. చదువురాని తల్లియు విని అడుగునట్లు చదువుడి.

రెండవది, ఆస్తి హద్దు. గుడి స్థలము ఎవరి పేరున నున్నదో దస్తావేజు తీసి చూడుడి. దానమిచ్చిన పుణ్యాత్ముని పేరుననో, కట్టించిన పాస్టరు పేరుననో ఇంకను ఉన్నయెడల, ఆయన జీవించియుండగానే, అందరు సంతోషముగా నున్నప్పుడే, సంఘము పేరునకు మార్పించుడి. "ఆయన మంచివాడు, తరువాత చూతము" అనకుడి. ఆయన మంచివాడు గనుకనే నేడు చేయవలెను. మంచివాడు చేవ్రాలు చేయును. ఆయన వారసులు ఏమి చేయుదురో మనకు తెలియదు.

మూడవది, అధికారపు హద్దు. పాస్టరు పని ఏది, పెద్దల పని ఏది, కోశాధికారి ఎన్ని సంవత్సరములు ఉండవలెను అను సంగతులు వ్రాసికొనుడి. యౌవనులకు కూడికలో మాట యియ్యుడి. లేనియెడల వారు వేరొక పందిరి వేసికొందురు. సంఘములో అధికారముగలవాడు స్త్రీలయొద్దకు, పిల్లలయొద్దకు ఒంటరిగా పోకుండ ఒక నియమము పెట్టుకొనుడి. పాస్టరు పరామర్శకు పోవునప్పుడు భార్యనో, ఒక పెద్దనో తీసికొనిపోవుట ఆయనకు అవమానము కాదు. అది బలహీనులకు గోడ, ఆయనకును గోడ. ఎవరికైన హాని జరిగినయెడల, సంఘము పరువు పేరు చెప్పి నోరు నొక్కకుడి. పరువు ఆ విధముగా నిలువదు.

నాలుగవది, కలహమునకు ఒక చోటు. మత్తయి సువార్త 18వ అధ్యాయములో ప్రభువు మెట్లు చూపెను. మొదట ఒంటరిగా, తరువాత ఇద్దరు ముగ్గురితో, కడపట సంఘముతో చెప్పవలెను. మనము తలక్రిందులుగా చేయుచున్నాము. మొదట బజారులో చెప్పి, కడపట ఆ మనుష్యునికి చెప్పుచున్నాము.

ఒక హెచ్చరికయు చెప్పవలెను. హద్దురాయి పాతుటకే గాని తలమీద కొట్టుటకు కాదు. లండను కమిటీవారు అడిగినది న్యాయము, అడిగిన రీతి అనుమానముతో కూడినది. సేరంపూరువారి చేతులు శుద్ధము, అయినను లెక్క అడుగుటనే అవమానముగా ఎంచిరి. అడుగువాడు ప్రేమతో అడుగవలెను. జవాబు చెప్పువాడు సంతోషముతో చెప్పవలెను. ఈ రెండింటిలో ఏది లోపించినను మంచివారు ఇద్దరు కలిసి గొప్ప చెడుగు చేయగలరు.

సంఘపెద్దలారా, ఈ శనివారము సాయంకాలము దీపము పెట్టిన తరువాత ఒక గంట కూడుడి. జమాఖర్చు పుస్తకమును, గుడి దస్తావేజును మధ్యను పెట్టుడి. ఒకరి మనస్సులోని ముల్లు మరియొకరు తీయుడి. విశ్వాసులారా, మీ పాస్టరును ఈ నెల లెక్క అడుగుడి, అడిగిన నోటనే ఆయన కొరకు ప్రార్థన చేయుడి. పాస్టర్లారా, వారు అడుగకమునుపే చెప్పుడి. బావిలోనికి దిగినవాడును, పైన మోకు పట్టినవాడును ఆ మోకు గట్టిదో కాదో దిగకమునుపే కలిసి లాగి చూచుకొనవలెను. మధ్యకు దిగిన తరువాత చూచుకొనుటకు వీలులేదు.

మన ప్రభువు మనకు లెక్క చెప్పు హృదయమును, లెక్క అడుగు ప్రేమను దయచేయునుగాక. ఆమేన్.